ఫ్లీట్ లగూన్ ఒడ్డున పిల్లాపెద్దలతో క్యారవాన్ వారం: బరువులు, పోటుపాట్లు, వంట

కొత్తబాట
అందరికీ నమస్కారం. ఆగస్టులో ఇంగ్లండ్ దక్షిణ తీరాన, వేమత్ పక్కన ఫ్లీట్ లగూన్ ఒడ్డున ఒక వారం క్యారవాన్‌లో ఉండాలనుకుంటున్నాం. మేమిద్దరం, 6, 10 ఏళ్ల పిల్లలు, ఊరి నుంచి వచ్చే అత్తయ్యగారు, మావయ్యగారు. కారు 5 సీట్లది, ఖాళీ బరువు 1,600 కిలోలు. చూసిపెట్టిన అద్దె క్యారవాన్ నిండు బరువు 1,400 కిలోలు. ఈ కారు లాగుతుందా? లగూన్‌లో నీళ్లు ఎప్పుడు లోతు, ఎప్పుడు బురద? లోపల మన వంట కుదురుతుందా? పెద్దవాళ్లకు టాయిలెట్ ఇబ్బంది ఉంటుందా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

లెక్కలమేస్త్రి
కొత్తబాట గారూ, ముందు అడ్డంకి బరువు కాదు, సీట్లు. కదిలే క్యారవాన్‌లో మనుషులు కూర్చోకూడదు. ఆరుగురూ కారులోనే ఉండాలి, ప్రతి ఒక్కరికీ సీటు, బెల్టు. 5 సీట్ల బండితో ఇది తేలదు.

బరువుకు వస్తే, మొదటిసారి లాగేవాళ్లకు ఇక్కడ అందరూ చెప్పే లెక్క 85 శాతం. కారు ఖాళీ బరువులో 85 శాతానికి మించి వెనక కట్టొద్దని. 1,600లో 85 శాతం 1,360. మీ క్యారవాన్ 1,400, అంటే 87.5 శాతం. ఇది చట్టం పెట్టిన హద్దు కాదు, అలవాటు లేనివాళ్ల క్షేమం కోసం. చట్టం చూసేది కారు తలుపు దగ్గరో బానెట్ కిందో ఉండే ప్లేటు. దానిమీద నాలుగు బరువులు వరసగా ఉంటాయి. మొదటిది కారు నిండు బరువు, రెండోది కారు, క్యారవాన్ కలిపి ఉండాల్సిన గరిష్ఠం, మిగతా రెండూ ముందు, వెనక ఇరుసులవి. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే ఎంత లాగొచ్చో తెలుస్తుంది. రెండో అంకె లేకపోతే ఆ కారు దేన్నీ లాగకూడదు.

లైసెన్సు సంగతి: 2021 డిసెంబర్ 16 నుంచి బ్రిటన్‌లో మామూలు కారు లైసెన్సుతోనే 3,500 కిలోల దాకా ట్రెయిలర్ లాగొచ్చు, వేరే పరీక్ష లేదు. క్యారవాన్ వెనక కారు నంబరు ప్లేటే ఉండాలి. మీ కారు ఇన్సూరెన్సువాళ్లకు లాగుతున్నట్టు ముందే చెప్పండి.

బండిబాబాయి
మేస్త్రి గారి మాటకు ఇంకొంచెం. క్యారవాన్ మోయగల సామాను మనం అనుకునేదానికంటే చాలా తక్కువ. కుటుంబాల క్యారవాన్లలో 150 కిలోలు మిగిలితే గొప్ప. అందులో ఆనింగ్ (క్యారవాన్ పక్కకు తగిలించే గుడారం) 20, బ్యాటరీ 20, నిండు గ్యాస్ సిలిండర్ ఒక 15 తింటాయి. మిగిలిన దాంట్లో ఆరుగురి పక్కబట్టలు, గిన్నెలు, బియ్యం, పప్పు. అందుకే నీళ్ల డ్రమ్ము ఖాళీగా తీసుకెళ్లండి, 40 లీటర్లంటే 40 కిలోలు. సైటులో పట్టుకోవచ్చు. బియ్యం, కుక్కర్, మిక్సీ లాంటివి క్యారవాన్ నేల మీద, ఇరుసుకు సరిగ్గా పైన. దుప్పట్లు, బిస్కెట్లు పై అరల్లో. వెనక చివర బరువు పెట్టారంటే తోక ఊగుతుంది.

ముక్కు బరువు కూడా చూడాలి, అంటే కారు హుక్కు మీద క్యారవాన్ ముందు భాగం నొక్కే బరువు. మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం. హుక్కు మీద, కారు పుస్తకంలో, క్యారవాన్ చాసిస్ మీద వేరువేరు హద్దులుంటాయి. వాటిలో ఏది తక్కువైతే అదే మీది. కొలిచే చిన్న గేజీ దొరుకుతుంది. సామానంతా సర్దాకే కొలవండి, ఖాళీ క్యారవాన్‌ని కొలిచి లాభం లేదు.

ఊగడం మొదలైతే బ్రేకు తొక్కొద్దు. ఆక్సిలరేటర్ తొక్కి లాగేసుకుందామనీ చూడొద్దు. కాలు మెల్లగా తీసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, వేగం దానంతటదే పడనివ్వండి. పెద్ద లారీ పక్కనుంచి పోయినప్పుడు, దిగుడు రోడ్డులో, టైరులో గాలి తగ్గినప్పుడు ఇది ఎక్కువ. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డులో, మోటార్‌వేలో మీ హద్దు గంటకు 60 మైళ్లు, మామూలు రోడ్డులో 50. మూడు వరసలున్న మోటార్‌వేలో కుడి చివర వరస మీకు లేదు.

ఇంకోటి. ఊగకుండా పట్టుకునే స్టెబిలైజర్ ఉన్న హిచ్ (కారు హుక్కుకు తగిలించే భాగం) అయితే హుక్కు గుండుకు గ్రీజు పూయకండి. పట్టుకోవాల్సిన ప్యాడ్లు గ్రీజు తాగి జారిపోతాయి. గుండును డీగ్రీజర్‌తో తుడిచి, పాత పెయింటు ఉంటే సన్నటి ఎమరీతో గీకెయ్యాలి.

కొత్తబాట
ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే 7 సీట్ల బండి అద్దెకు తీసుకుంటాం, ఖాళీ బరువు 1,850. ఆరు పడకల క్యారవాన్ 1,500. బండి పుస్తకంలో హుక్కు మీద 90 కిలోలని ఉంది.

లెక్కలమేస్త్రి
1,850కి 1,500 అంటే 81 శాతం, బాగుంది. 5 నుంచి 7 శాతమంటే 75 నుంచి 105 కిలోలు. మీకు 90 దాటకూడదు కనుక 80, 85 దగ్గర సర్దుకోండి. బండి అద్దెకిచ్చేవాళ్లు లాగడానికి ఒప్పుకుంటారో లేదో కాగితం మీద రాయించుకోండి, చాలామంది ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే లాగడం మానేసి సైటులోనే పాతుకున్న స్టాటిక్ క్యారవాన్ తీసుకోండి. ఆరుగురికి మంచాలు, గోడల గది, మామూలు ఫ్లష్ ఉంటాయి. దుప్పట్లు, తువ్వాళ్లు అద్దెలో కలిసి ఉంటాయా అని అడగండి.

దారిదీపం
దారి: ఎమ్27, ఏ31, ఏ35, అక్కడి నుంచి డార్చెస్టర్ దగ్గర ఏ354 పట్టి వేమత్. చివరి దిగుడులో 2011లో కొత్త రోడ్డు వచ్చాక క్యారవాన్లకు తేలికైంది. జీపీఎస్ తీరం వెంబడి బీ3157 మీద ఆబట్స్‌బరీ వైపు తిప్పుతుంటే వినకండి. ఊళ్లో రాతి ఇళ్ల మధ్య రోడ్డు సన్నం, ఊరు దాటగానే నిటారు ఎత్తు. వేమత్ వైపు నుంచి అదే రోడ్డులో చికరెల్ దాకా రావడం మాత్రం సుఖమే.

సైటులో చేరే గంట బుకింగ్‌లో రాసి ఉంటుంది. అంతకంటే ముందే వచ్చి గేటు దగ్గర ఆపితే వెనక రోడ్డు మూసుకుపోతుంది.

పోటుచూపు
నీళ్ల సంగతి నేను చెప్తాను, ఇది జాగ్రత్తగా చదవండి.

చెసిల్ బీచ్ 29 కిలోమీటర్ల గులకరాళ్ల గట్టు. దాని వెనక 13 కిలోమీటర్ల పొడవున చిక్కిన ఉప్పునీళ్లే ఫ్లీట్. సముద్రంతో కలిసే నోరు ఒక్కటే, తూర్పు చివర ఫెర్రీబ్రిడ్జ్ వంతెన కింద, పోర్ట్‌ల్యాండ్ హార్బర్‌లోకి. 13 కిలోమీటర్ల మడుగులోకి పోటు నీళ్లు ఆ ఒక్క గొంతులోంచే పోవాలి, పాటుకు అక్కడి నుంచే రావాలి. అందుకే వంతెన కింద నీళ్లు ఏరులా ఉరుకుతాయి. పైన చూస్తే నున్నగా కనబడుతుంది. పిల్లల్ని అక్కడ మోకాలి లోతుకు కూడా దింపొద్దు.

పోటుపాట్ల పట్టిక పోర్ట్‌ల్యాండ్‌ది చూడండి. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు తేడా దాదాపు 2 మీటర్లు. అష్టమి వెళ్లాక ఆ తేడా 60 సెంటీమీటర్లకు పడిపోతుంది. అత్తయ్యగారి దగ్గర పంచాంగం ఉంటే ఏ రోజు నీళ్లు ఎక్కువ లాగుతాయో ఇంట్లోనే చెప్పేస్తారు. పట్టిక గ్రీన్‌విచ్ టైములో ఉంటే వేసవిలో గంట కలుపుకోవాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

వరిచేను
వేమత్ పోటు టైమే లగూన్ మొత్తానికీ వర్తిస్తుంది కదా?

పోటుచూపు
వర్తించదండీ. పడమరకు పోయేకొద్దీ పోటు ఆలస్యమౌతుంది, ఎత్తూ తగ్గుతుంది. ఆబట్స్‌బరీ చివర పోటుపాట్లు ఉన్నాయని గట్టు మీద నిలబడ్డవాళ్లకు తెలియనంత తక్కువ. పట్టిక పనికొచ్చేది ఫెర్రీబ్రిడ్జ్ చుట్టుపక్కలకే.

పోర్ట్‌ల్యాండ్‌లో ఇంకో విచిత్రం. ఇక్కడ పాటు రెండుసార్లు వస్తుంది. నీళ్లు తగ్గి, కొంచెం పెరిగినట్టు పెరిగి, మళ్లీ తగ్గుతాయి. స్థానికులు దీన్ని గల్డర్ అంటారు. పెద్ద పోట్ల రోజుల్లో ఇలా నీళ్లు అడుగునే నాలుగు గంటల దాకా నిలిచిపోతాయి. చూసేవాళ్లకు ఇక పెరగదేమో అనిపిస్తుంది. పెరగడం మొదలయ్యాక మిగిలిన కాస్త వ్యవధిలోనే 2 మీటర్లూ పెరగాలి కనుక తొందరగా వస్తుంది. పిల్లలు బురద తిన్నె మీద పీతలు వెతుకుతుంటే ఒడ్డు వైపు దారి ఏదో పెద్దవాళ్లొకరు చూసుకుంటూ ఉండాలి.

ఒడ్డు నుంచి నాలుగడుగులు గట్టిగా ఉండి ఐదో అడుగు మోకాలి దాకా దిగే చోట్లున్నాయి. ఎవరైనా దిగబడితే వాళ్లు వెనక్కి వాలి, కూర్చున్నట్టు బరువు పరుచుకోవాలి. ఒక్కో కాలు మెల్లగా ఆడించి నీళ్లు లోపలికి పోనిచ్చి తీయాలి. బూటు వదిలెయ్యాల్సి వస్తే వదిలెయ్యాలి. లాగడానికి ఇంకొకరు బురదలోకి దిగొద్దు. 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ని అడగండి.

గులకరాయి
చెసిల్ బీచ్ సముద్రం వైపు ఈతకు అసలు పనికిరాదు. రెండడుగులకే నేల జారిపోతుంది. అల వెనక్కి పోతూ కాళ్ల కింద రాళ్లతో సహా లాగుతుంది. పిల్లలకు వేమత్ ఇసుక బీచ్ ఉంది, చాలా దూరం లోతు లేదు, వేసవిలో లైఫ్‌గార్డులు ఉంటారు.

గట్టు మీద నడక: ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 31 దాకా లగూన్ వెంబడి పొడవాటి భాగం మూసేస్తారు, పక్షులు గూళ్లు పెట్టే కాలం. లిటిల్ టెర్న్ గుడ్డు గులకరాయి పక్కన పెడితే ఏది ఏదో తెలియదు, అడుగు పడితే అంతే. ఫెర్రీబ్రిడ్జ్ దగ్గర సందర్శకుల కేంద్రం నుంచి గట్టు ఎక్కడానికి దారి ఉంది, అది చాలు.

అక్కడ పిల్లలకు చూపించాల్సింది రాళ్లే. పోర్ట్‌ల్యాండ్ చివర బంగాళాదుంపంత రాయి, పడమర వెస్ట్ బే చివర బఠాణీ గింజంత. మధ్యలో వరసగా సైజు తగ్గుతూ పోతుంది. రాత్రి పడవ దిగిన జాలరి రాయి తడిమి ఎక్కడున్నాడో చెప్పేవాడంటారు. తూర్పు చివరా, పడమటి చివరా చేతిలో పట్టుకుని ఫోటో తీసుకుని అక్కడే వదిలెయ్యండి, ఇంటికి తేవడం నేరం.

పులికాట్‌పిట్ట
సూళ్లూరుపేట వైపు పులికాట్ చూసినవాళ్లకు ఇది చిన్న తమ్ముడిలా ఉంటుంది. ఇదీ పక్షుల నీళ్లే. ఆబట్స్‌బరీ స్వానరీలో మ్యూట్ హంసలు గుంపుగా గూళ్లు పెడతాయి, మధ్యలోంచి నడిచి చూడొచ్చు. 1040లలో బెనెడిక్టైన్ సన్యాసులు మొదలుపెట్టారు, అప్పట్లో తిండి కోసం. గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చేది మే మధ్య నుంచి జూన్ చివరి దాకా. ఆగస్టుకు బూడిదరంగు పిల్ల హంసలు బాగా ఎదిగి కనబడతాయి. హంసలు ఇక్కడ చేరడానికి కారణం నీళ్ల కింద పెరిగే ఈల్ గడ్డి. పిల్లలు బ్రెడ్డు వేస్తామంటే వద్దనండి.

గాలి నింపే పడవలు, ప్యాడిల్ బోర్డులు ఫ్లీట్‌లో వెయ్యొద్దు, ఇది అభయారణ్యం. వాటికి పోర్ట్‌ల్యాండ్ హార్బర్ ఉంది. ఒడ్డు వెంబడి నడకదారి బాగుంటుంది. చికరెల్ దగ్గర సైన్యం తుపాకీ రేంజి ఉంది, ఎర్ర జెండా ఎగురుతుంటే దారి లోపలికి తిప్పుతారు. అలాగే తిరిగి వెళ్లండి.

పోపులపెట్టె
వంట గురించి అడిగారు. కుదురుతుందమ్మా, ఇంటి పద్ధతిలో మాత్రం కాదు.

క్యారవాన్ స్టవ్ మీద గాజు మూత ఉంటుంది. పూర్తిగా ఎత్తాకే వెలిగించాలి. మంట ఆరిపోయినా వేడి తగ్గేదాకా దించకూడదు, గాజు పగిలిపోతుంది. 5 లీటర్ల కుక్కర్ పెడితే రెండు బర్నర్ల జాగా తినేస్తుంది. 3 లీటర్లది తెచ్చి రెండు విడతలుగా వండుకోండి.

అసలు చిక్కు తాళింపు. ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ ఘాటు గుడ్డ సీట్లకూ కర్టెన్లకూ పట్టి వారం పోదు, పొగ అలారం మోగుతుంది, అద్దె క్యారవాన్ అయితే శుభ్రం చేసిన డబ్బులు వేస్తారు. పోపు ఇంట్లోనే ఎక్కువగా వేసి, చల్లారాక గాజు సీసాలో తెచ్చుకోండి. ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి నూనెలో బాగా వేగాలి. కరివేపాకు చెమ్మ లేకుండా గలగలలాడే దాకా వేగితేనే నిలుస్తుంది, తడి ఉంటే బూజు పడుతుంది. పప్పులోకి ఒక చెంచా వేసి కలిపితే సరిపోతుంది. చింతపండు గుజ్జు కూడా ఉడికించి తెచ్చుకోండి, పులిహోర నిమిషాల్లో అవుతుంది. వేపుళ్లు మాత్రం బయట చిన్న స్టవ్ మీద.

సామాను కడిగే ముందు కాగితంతో గిన్నె తుడవండి. నూనె, పసుపు, చింతపండు పిప్పి ముడతల ప్లాస్టిక్ గొట్టంలో అంటుకుంటే మూడో రోజుకు ఎండలో వాసన మొదలు. సింకు రంధ్రానికి జాలీ పెట్టండి.

కరెంటయ్య
అక్క చెప్పినదానికి కరెంటు లెక్క కలుపుతాను. సైటు స్తంభం 16 ఆంపులైతే 230 వోల్టుల దగ్గర 3,680 వాట్లు. 10 ఆంపులైతే 2,300 మాత్రమే. ఇంటి కెటిల్ ఒక్కటే 3,000 వాట్లు. దాన్ని 10 ఆంపుల మీద పెడితే బ్రేకర్ పడిపోతుంది, ఆదివారం రాత్రి ఆఫీసు మూసి ఉంటే పొద్దుటిదాకా చీకటే. 1,000 వాట్ల కెటిల్ తెచ్చుకోండి. రైస్ కుక్కర్ 500 నుంచి 700, మిక్సీ 750. హీటర్ వేసి ఉండగా ఈ రెండూ కలిపి వాడొద్దు.

కేబుల్ ముందు క్యారవాన్‌కు, తరవాత స్తంభానికి. తీసేటప్పుడు ముందు స్తంభం నుంచి. కేబుల్ చుట్టలో మిగిలినా మొత్తం విప్పి నేల మీద పరవండి. చుట్టలా ఉంటే వేడెక్కి పైపొర కరుగుతుంది. తగిలించగానే లోపల ఆర్‌సీడీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) మీద టెస్ట్ బటన్ నొక్కండి, టక్కున పడాలి. పడకపోతే సైటువాళ్లను పిలవండి.

ఫ్రిజ్ బయలుదేరే ముందురాత్రే ఇంటి కరెంటు మీద పెట్టి చల్లబరచండి. దారిలో 12 వోల్టులు ఉన్న చల్లదనాన్ని నిలుపుతుందంతే. గ్యాస్ సిలిండర్ వాల్వు దారిలో మూసేసి ఉండాలి.

వరిచేను
ఆగస్టులో నీలం సిలిండర్ బ్యూటేన్ చాలు కదా, ఎర్రది, అంటే ప్రొపేన్, అవసరమా?

కరెంటయ్య
ఆగస్టుకు చాలు, మీ మాట నిజమే. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం ఆగిపోతుంది, ప్రొపేన్‌కు మైనస్ 42 దాకా ఇబ్బంది లేదు. ఏడాది పొడవునా తిరిగేవాళ్లు ఎర్రదే పెట్టుకుంటారు. వేసవి ఒక్క వారానికి ఏదైనా ఒకటే. సిలిండర్ ఎప్పుడూ నిటారుగా, దాని పెట్టెలోనే. నేలలో ఉన్న గాలి రంధ్రాలను చలేస్తోందని గుడ్డతో మూయొద్దు, గ్యాస్ లీకైతే బయటికి పోయే దారి అవే. బొగ్గుల పొయ్యి ఆరాక కూడా లోపలికి గానీ ఆనింగ్‌లోకి గానీ తేవొద్దు. బొగ్గు చల్లబడుతూ కూడా కార్బన్ మోనాక్సైడ్ వదులుతూనే ఉంటుంది, దానికి వాసన లేదు.

ఇంటిపనులు
పెద్దవాళ్ల సంగతి. తలుపు మెట్టు మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఎత్తే. రెండు అంతస్తుల మెట్టు, పట్టుకునే కడ్డీ తీసుకోండి. పడకల్లో మడతపెట్టనవసరం లేని శాశ్వత మంచం అత్తయ్యగారికి, మావయ్యగారికి ఇవ్వండి. టేబుల్ దించి చేసే మంచం మీ ఇద్దరికి, పై బెర్తులు పిల్లలకు.

టాయిలెట్ క్యాసెట్ దాదాపు 18, 20 లీటర్లు. ఆరుగురు చెంబుతో నీళ్లు వాడితే మనిషికి అర లీటరు చొప్పున ఫ్లష్ నీళ్లకు తోడై ఒక్కరోజులో నిండుతుంది. అందుకే పగలు సైటులోని టాయిలెట్ బ్లాకు వాడి, రాత్రి మాత్రమే క్యాసెట్ అనుకుంటే రెండు రోజులు వస్తుంది. ఎర్ర లైటు వెలిగేదాకా ఆగొద్దు, అప్పటికి ఎత్తడం కష్టం. దాన్ని పారబోసే చోటు వేరే ఉంటుంది, టాయిలెట్ బ్లాకులో గానీ గిన్నెలు కడిగే చోట గానీ పోయకూడదు. పోసేటప్పుడు గాలి బటన్ నొక్కి పట్టుకోండి, లేకపోతే గుడగుడమని బట్టల మీద చిమ్ముతుంది. రెండుసార్లు కడిగి, నీలం ద్రవం సీసా మీద రాసినంత, రెండు లీటర్ల నీళ్లు పోసి పెట్టాలి.

సైటు బుక్ చేసేటప్పుడు టాయిలెట్ బ్లాకుకు దగ్గరి పిచ్ (క్యారవాన్ నిలిపే జాగా) అడగండి. నీళ్ల ఒడ్డు పిచ్ కంటే పెద్దవాళ్లకు అదే సుఖం.

గాలివాటం
ఒడ్డు పిచ్ అనగానే గుర్తొచ్చింది. చెసిల్ మీద నైరుతి గాలికి అడ్డు లేదు. ముక్కు గానీ వెనక భాగం గానీ గాలికి పెట్టండి, ఆనింగ్ ఉన్న పక్క పెట్టొద్దు. నేలలో రాళ్లుంటాయి, సన్నటి తీగ మేకులు వంగిపోతాయి, లావు రాక్ పెగ్గులు తీసుకెళ్లండి. తుఫాను పట్టీలు మొదటిరోజే కట్టండి. గాలి దెబ్బలు గంటకు 35, 40 మైళ్లు దాటతాయని సూచన ఉంటే సాయంత్రమే ఆనింగ్ దించెయ్యండి, అర్ధరాత్రి దించడం ఇద్దరివల్ల కాదు.

క్యారవాన్ నిలిపే వరస: ముందు పక్కలు సమం, తగ్గిన చక్రం కింద ర్యాంపు. తరవాత హ్యాండ్‌బ్రేకు, చక్రాలకు అడ్డు. అప్పుడు కారు విప్పి ముందుండే చిన్న జాకీ చక్రంతో ముందు వెనక సమం. చివర్లో నాలుగు మూలల కాళ్లు. ఆ కాళ్లతో క్యారవాన్ ఎత్తాలని చూస్తే నేల వంగి తలుపు పట్టేస్తుంది.

కొత్తబాట
ఎంత చెప్పారండీ అందరూ, ప్రింటు తీసి పెట్టుకుంటున్నాం. ఒక్క ప్రశ్న: మావయ్యగారికి పిల్లలతో కలిసి నీళ్లు పూర్తిగా వెళ్లిన ఫెర్రీబ్రిడ్జ్ చూడాలని ఉంది. పౌర్ణమి వెళ్లిన రెండో రోజు, సాయంత్రం 6కి వెళ్దామనుకుంటున్నాం.

పోటుచూపు
సాయంత్రం వద్దు, అప్పటికి నీళ్లు నిండిపోతూ ఉంటాయి. ఇక్కడ పెద్ద పోట్ల రోజుల్లో పగటి అడుగు నీళ్లు మధ్యాహ్నం ప్రాంతంలోనే వస్తాయి. పట్టికలో ఆ రోజు మధ్యాహ్నపు పాటు టైము చూసి, అది గ్రీన్‌విచ్ టైమైతే వేసవి గంట కలిపి, దానికి అరగంట ముందు చేరండి. కేంద్రం దగ్గర పార్కింగ్‌కు డబ్బులు కట్టాలి. చెక్క దారి మీంచి మావయ్యగారు కూర్చుని చూడొచ్చు, బురద తిన్నెలూ వాటి మీద ఏరుకునే పిట్టలూ అక్కడి నుంచే కనబడతాయి. పిల్లలకు చెప్పులు కాదు, మడమ పట్టే పాత బూట్లు వెయ్యండి. బైనాక్యులర్ ఒకటి చాలదు, రెండు తీసుకెళ్లండి.